పెద్ద కప్పు

జూన్ పదహారున గది తాళంచెవి తిరిగిచ్చేశాను.
ఆఫీసులో మిస్ గాఫ్నీ దాన్ని కవరులో వేసి
పైన నా పేరు తప్పుగా రాసి
సంతకం పెట్టమంది.
పంతొమ్మిదేళ్ళుగా అదే తప్పు. పెట్టాను.

అయినా రోజూ అయిదుంబావుకే మెలకువ.
సెలవులొచ్చాయని ఒంటికింకా కబురందలేదు.
పాలరాతి మెట్ల మీద కూచుని కాఫీ తాగుతాను.
బాల్టిమోర్‌లో మా వీధి మెట్లన్నీ తెల్లవే.
మా అమ్మమ్మ శనివారం శనివారం మోకాళ్ళ మీద కూచుని తోమేది.
నేను వానకి వదిలేశాను.

"మీకేం, రెండు నెలలు ఊరికే జీతం"
అంటాడు ఎదురింటి కోర్ట్‌లాండ్, కుక్కని నడిపిస్తూ.
పది నెలల జీతాన్నే పన్నెండు ముక్కలు కోసిస్తారని
ఏటా చెప్తాను, ఏటా మరిచిపోతాడు.
కుక్క మాత్రం తెలిసినట్టే చూస్తుంది.

మధ్యాహ్నాలు స్నోబాల్ బండి దగ్గర పని.
ఐసు తురిమి, రంగు పాకం పోసి,
అడిగితే పైన మార్ష్‌మాలో.
నిన్న వరుసలో టావియన్.
ఆరో తరగతిలో భిన్నాలంటే జడిసి
బల్ల కింద దూరినవాడు
ఇప్పుడు నాకంటే పొడుగు.
"మిస్ పర్నెల్! మీరిక్కడా?"
పట్టపగలు చందమామని చూసినట్టు ఆ మొహం.

"సగం చెర్రీ, సగం నిమ్మ,
ఇంకో పావు గుడ్డు కస్టర్డు."
"రెండు సగాలయ్యాక పావు ఎక్కడ పడుతుందిరా?"
బుర్ర గోక్కున్నాడు.
వెనక జనం విసుక్కుంటున్నారు.
"పెద్ద కప్పు తీసుకుంటే పడుతుంది మిస్."

పెద్ద కప్పే నింపాను. చిన్న కప్పు డబ్బులు తీసుకున్నాను.
ఈ జవాబుకి దిద్దాల్సిన గుండ్రం
ఏ పరీక్ష కాగితంలో ఉందో నాకు తెలీదు.

మంగళవారం బోర్డు మీటింగు.
మనిషికి రెండు నిమిషాలు,
మైకు పక్కన పచ్చ దీపం, పసుపు, ఎరుపు.
తెర మీద మా బడి ఒక సగం నిండిన పెట్టె.
సగం ఖాళీ గనక మూసేయొచ్చని బాణం గుర్తు.
నీలం టై ఆయన గొంతు మెత్తన:
"మాకు పిల్లలే ముఖ్యం."
హాల్లో ఏసీ చలికి నా చేతుల మీద వెంట్రుకలు లేచాయి.
మే నెలలో మా గదిలో తొంభై ఆరు డిగ్రీలు.
జనవరిలో కోట్లు విప్పకుండానే
పిల్లలు నదుల పేర్లు రాశారు.
అది చెబుదామనే నాలుగు పేజీలు రాసుకున్నాను.
రెండో పేజీ మధ్యలో ఎరుపు.

యూనియన్ ఇచ్చిన ఎర్ర టీషర్టు నాకు రెండు సైజులు పెద్దది.
వాళ్ళ మాటలూ ఒక్కోసారి అంతే.
ఇంకో సంగతి, మైకులో చెప్పనిది:
మా చెల్లెలు లొరెట్టా తన కూతుర్ని
చార్టర్ బడి లాటరీలో పెట్టింది.
ఆ ఫారం నింపింది నేనే. నా దస్తూరీ బాగుంటుందని.
పేరొచ్చినప్పుడు అందరికంటే గట్టిగా అరిచింది కూడా నేనే.
ఆ రాత్రి మెట్లు తోమాను, చీకట్లో, ఎందుకో.

మైకు ఆపేశాక కూడా నిలబడే ఉన్నాను.
"కప్పు," అన్నాను. "పెద్ద కప్పు తీసుకోండి."
ఎవరికీ వినపడలేదు.
వినపడ్డా అర్థమయ్యేది కాదు.
నా తర్వాతి వంతు ఒక ముసలాయనది.
బస్సు రూటు మార్చారని ఆయన గోల.

ఇంటికొచ్చే దారిలో బడి చుట్టూ ఒక చుట్టు వేశాను.
రెండో అంతస్తు, చివరి కిటికీ.
నేను మరిచిపోయి వదిలేసిన మొక్క
ఎండిపోయి ఉంటుందనుకున్నాను.
ఆకుల మీద తడి మెరుస్తోంది.
కాపలా ఆంబ్రోజ్ నీళ్ళు పోస్తున్నట్టున్నాడు.
ఆయన పోస్టూ ఆ సగం ఖాళీ పెట్టెలోదే.

ఆగస్టు చివర్న కవరు చించుతారు.
అందులోని చెవి ఏ తలుపుదో తెలీదు.
ఈలోగా దుకాణంలో పెన్సిళ్ళు చవగ్గా పెట్టారు,
డజను పాతిక సెంట్లకి.
ముప్పై నాలుగు డజన్లు కొన్నాను.
"ఇన్నెందుకు?" అంది బిల్లు కొట్టే పిల్ల.
పోగొట్టుకుంటారమ్మా, అన్నాను,
అక్టోబరుకల్లా ఒక్కటీ మిగలదు.